చీటీలో వచ్చిన పక్షము

రెండేళ్ళ క్రితం ఒక శనివారం సాయంత్రం మా చింతలపూడి దగ్గరి మందిరం అరుగు మీద కూర్చుని మరునాటి పాటలు సరిచూసుకుంటున్నాను. మా సంఘస్థుడొకాయన సైకిలు గోడకు ఆనించి వచ్చి నిలబడ్డాడు. పామాయిలు తోటల్లో గెలలు కోసే పని ఆయనది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యగారూ, మనం నమ్మనిదాన్ని పదిమంది ముందు నిజమని చెబితే అది అబద్ధసాక్ష్యం కాదాండి?" అని అడిగాడు.

సంగతేమిటంటే, పదవ తరగతి చదివే ఆయన కుమార్తె ఏలూరులో జరిగే విద్యార్థుల చర్చా పోటీకి ఎంపికైంది. చుట్టుపక్కల జిల్లాల నుండి కూడా పిల్లలు వస్తారట. విషయం కొల్లేరు. అయిదవ కాంటూరు వరకు ఉన్న అభయారణ్యాన్ని అలాగే ఉంచాలా, తగ్గించాలా అన్నది వాదం. ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో చీటీలు తీశారు. ఈ అమ్మాయికి "అలాగే ఉంచాలి" అని వచ్చింది.

ఆ పిల్ల తల్లి పుట్టిల్లు కొల్లేటి లంక గ్రామం. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు ఆమె అన్నగారి చెరువూ పోయింది. "మా అన్న పొట్ట కొట్టిన మాటను నా కూతురే మైకులో చెబుతుందా?" అని ఆమె రెండు రోజులుగా సరిగా అన్నం ముట్టలేదట.

ఈ ప్రాంతం తెలియని వారికి కొంచెం చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు నీళ్ళు తెస్తాయి. ఉప్పుటేరు వాటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో ప్రభుత్వం సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో లోపలి చెరువుల గట్లను యంత్రాలు పెట్టి కొట్టించారు. 2008లో శాసనసభ దీన్ని మూడవ కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. గూడబాతులకు గూడు కావాలి, లంకల్లోని మనుషులకు కూడు కావాలి. బడిపిల్లలకు ఇచ్చిన విషయమే గానీ పెద్దలకే తెగని తగవు ఇది.

ఆయనకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రాత్రి భోజనం దగ్గర కూడా అదే ఆలోచన. సాక్షి వేరు, వాది వేరు. సాక్షి తాను చూసినదే చెప్పాలి. వాదంలో ఎవరి పక్షం ఎలా వచ్చిందో హాలులో అందరికీ తెలుసు గనుక మోసపోయేవాడు లేడు. మొదట మాట్లాడినవాడి మాటే న్యాయంగా తోస్తుందనీ, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేలుతుందనీ సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది. నీకొదేము పరిసయ్యులను అడిగిందీ ఇదే కదా, మనిషి మాట వినకుండా తీర్పు తీరుస్తామా అని! అయితే ఒక హద్దుంది. లేని లెక్క కల్పించకూడదు, జరగనిది జరిగిందనకూడదు. అది మాత్రం అబద్ధమే. మరునాడు ఆరాధన అయ్యాక తండ్రీ కూతుళ్ళకు ఇదే చెప్పాను. తల్లి వినలేదు, ముందే వెళ్ళిపోయింది.

ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల తెలియనివారు ఉండరు. 1945లో మొదలైంది. ఎవరి పేరు మీద ఉందో మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆయన చిత్తూరు దగ్గరి కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి గారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, కేంబ్రిడ్జికి వెళ్ళి, అక్కడి విద్యార్థుల వాదసభకు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి ఉపాధ్యక్షులైన ఆయన 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ పదవిని వదిలేశారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రెండు వైపులా మాట్లాడటం నేర్చినవాడికి తన పక్షమంటూ లేకుండా పోతుందని మనలో కొందరికి భయం.

నా సంగతీ చెప్పాలి. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నేనూ ఒక పోటీకి వెళ్ళాను. కంఠత వాక్యాల్లో ఎప్పుడూ నాకే బహుమతి గనుక, ఉపన్యాసం కూడా అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టాను. నా ముందు మాట్లాడినవాడు నా మొదటి అంశాన్నే కొట్టిపారేశాడు. నాకు జవాబు లేదు. బట్టీపట్టిన మొదటి వాక్యమే రెండుసార్లు చెప్పి దిగిపోయాను. మన సండే స్కూళ్ళలో కంఠతకు ఇచ్చినంత చోటు ప్రశ్నకు ఇవ్వమని అప్పుడే తెలిసింది. పాస్టరునయ్యాక నేనూ పెద్దగా మార్చలేదు, అది వేరే మాట.

అమ్మాయి మాత్రం నాకంటే తెలివైనది. నోటు పుస్తకం పట్టుకుని లంకలో ఉన్న తాతగారి దగ్గరకు వెళ్ళింది. చెరువులు తవ్వకముందు పడవలో నుండి వంగి దోసిలితో నీళ్ళు తాగేవాళ్ళమని ఆయన చెప్పాడు. ఎక్కడివాళ్ళో వచ్చి లీజుకు పట్టారనీ, ఊరివాళ్ళలో చాలామందికి మిగిలింది కూలి మాత్రమేననీ చెప్పాడు. కొడుకు చెరువు కొట్టిన రోజు సంగతి అడిగితే లేచి బయటకు వెళ్ళిపోయాడట. ఇంకొకటి ఆ పిల్లే కనిపెట్టింది. మన చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరుకు జలాశయం ఉంది గదా, ఆ ఏరు ఏలూరు మీదుగా పోయి కలిసేది కొల్లేటిలోనే. మెట్టవాళ్ళం మనకేమిటని అనుకుంటాం గానీ, మన పొలాల మీద కొట్టిన మందు వానకు కొట్టుకుపోయి చేరేది అక్కడికే.

పోటీ రోజు ధర్మాజీగూడెం మీదుగా బస్సులో వెళ్ళాం, నేనూ, తండ్రీ, పిల్లా. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. కైకలూరు వైపు నుండి వచ్చిన ఒక అబ్బాయి తగ్గించాలనే పక్షాన మాట్లాడాడు. చెరువు పోయిన ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి ఎలా ఆగిందో చెబుతుంటే హాలు నిశ్శబ్దమైంది. నా పక్కనున్న తండ్రి తల వంచుకున్నాడు.

తర్వాత మన అమ్మాయి లేచింది. "ఇప్పుడు మాట్లాడిన అన్నయ్య చెప్పింది నిజం. మా మేనమామ చెరువు కూడా అలాగే పోయింది" అని మొదలుపెట్టింది. ఆ నష్టానికి ఉపాధి, పరిహారం అడగాలి గానీ సరస్సును అడగకూడదంది. నీరు పాడైతే రేపు చేపా ఉండదు, చెరువూ ఉండదంది. తమ్మిలేరు సంగతికి వచ్చేసరికి గంట కొట్టారు. సగంలో ఆపేసింది.

బహుమతి రాలేదు. ఆ అబ్బాయికి రెండవది వచ్చింది. బయట చెట్టుకింద ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. తమ్మిలేరు మిగతా సగం అతనికి చెప్పిందనుకుంటాను.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. తల్లి పొయ్యి దగ్గర ఉంది. నేను గడపలోనే నిలబడ్డాను. "ఏం చెప్పావే?" అంది వెనక్కి తిరగకుండా. పిల్ల అక్కడే నిలబడి మొదటి నుండి చివరిదాకా చెప్పింది. ఈసారి గంట కొట్టేవారు లేరు గనుక తమ్మిలేరు కూడా చెప్పింది.

తల్లి కూర దించి, చేతులు తుడుచుకుంది. "నీళ్ళ సంగతి నిజమే. నా చిన్నప్పుడు మేమూ తాగాం. కానీ గట్టు కొట్టిన రోజు గురించి నువ్వు ఒక్క ముక్కే చెప్పావు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను" అని పీట వాల్చుకుని కూర్చుంది. నాకూ ఒక పీట వేయమంది.