వానచుక్కయు జున్నుముక్కయు

అనంతపురము సీమలో పుట్టి పెరిగినవాడు ఏ దేశమునకు పోయినను మొట్టమొదట ఆకాశమువంక చూచును. అటుపిమ్మటనే నేలను, నేలమీది మనుష్యులను చూచును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు సకాలమున కురియునో కురియదో తెలియని వాన, మాకు నేర్పిన అలవాటు అది. కొన్నేండ్ల క్రిందట మా అమ్మాయి కాపురమున్న లండను నగరమునకు పోయినప్పుడు, నెత్తిమీద నిత్యము ముసురుకొనియుండు మబ్బులను చూచి, ఈ యూరిలో ఏటికెంత వాన కురియునని అల్లుని అడిగితిని. అతడు లెక్క చూచి చెప్పిన మాటను మొదట నేను నమ్మలేదు. లండనులో కురియు వాన ఏటికి 600 మిల్లీమీటర్ల పైచిల్లర మాత్రమేనట! అట్లయిన ఆ పచ్చదన మెక్కడిది? మన వాన నాలుగు పెద్దజల్లులుగా దిగి వాగులవెంట పరుగెత్తిపోవును, మిగిలిన తేమను ఎండయు గాలియు త్రాగివేయును. వారి వాన జల్లెడ పట్టినట్లు ఏడాది పొడుగునను రాలి, చల్లగాలిలో నేలయందే నిలిచి, వేరునకు అందును.

ఆ దేశపు చీజును, ద్రాక్షాసవమును నాకు బోధపఱచినది ఈ వానలెక్కయే. థేమ్సు నదికి దక్షిణపుగట్టున బరో మార్కెట్టను సంత యొకటి కలదు. అక్కడ నీల్స్ యార్డ్ డెయిరీ అను అంగడిలో తిరుగలి ఱాళ్ళవంటి చీజుదిమ్మెలు బల్లలమీద వరుసలుగా పేర్చియుండును. 1979లో అదే నగరమునందలి కోవెంట్ గార్డెన్‌లో ఆరంభమైన ఈ వర్తకులు ఏ దిమ్మె ఏ ప్రాంతమున ఎవరు చేసినదో చెప్పుదురు. కొనబోవువానికి ముందుగా చిన్న తునక నొకదానిని అందించి, రుచి చూచినపిమ్మటనే తూకము మాట ఎత్తుదురు. "తీసుకోండి మామయ్యా, కొనకపోయినా ఏమీ అనుకోరు" అని అల్లుడు ధైర్యము చెప్పగా నేను చేయి చాచితిని. మా పెద్దలు నేయి కొనునప్పుడు ఒక బొట్టును చేతివెనుక రాచి, మూచూచి, ఇది ఆవునేయియా బఱ్ఱెనేయియా, వెన్న నిన్నటిదా నాలుగునాళ్ళదా అని చెప్పుట నేను బాల్యమున చూచియుంటిని. ఆ విద్యయే ఇక్కడ అక్కఱకు వచ్చినది.

నిఘంటువులలో చీజునకు "జున్ను" అని అర్థము చెప్పుట వాడుక. అది సగమే నిజము. మన జున్ను ఈనిన పశువు మొదటి రెండుమూడు దినములలో ఇచ్చు ముఱ్ఱుపాలతో చేయునది. ఆ పాలలో మాంసకృత్తులు మిక్కుటముగా నుండుటచేత, బెల్లము, మిరియాలపొడి కలిపి ఆవిరిమీద ఉంచినంతనే, ఏ తోడును లేకయే గట్టిపడును. ఆ పూటకో మఱునాటికో ఆరగింపవలసినదే. చీజు మామూలు పాలతోనే తయారగును. గోరువెచ్చని పాలలో మన పెరుగుతోడు వంటి తోడుపెట్టి, కొంత పులుపెక్కినపిమ్మట రెన్నెట్ అను పదార్థమును కలుపుదురు. పాలు త్రాగు దూడ నాలుగవ జీర్ణాశయమునుండి తీయు రసమది. దానిచేత కుండెడు పాలు కొద్దిసేపటిలో గడ్డకట్టును. నేడు సూక్ష్మజీవులనుండి లభించు శాకాహారపు రెన్నెట్టును వాడువారు పెక్కురు కలరు గనుక, నియమముగలవారు అడిగి తెలిసికొని కొనవచ్చును.

పడమటి మహాసముద్రముమీదుగా వచ్చు మేఘములు తమ బరువును ముందుగా దింపుకొనునది బ్రిటను దేశపు పడమటి సీమలందు. అందుచేత అక్కడ పైరుకంటె పచ్చిక మెండు. పచ్చికవలన పాడి, పాడివలన చీజు. లోకమంతట పేరు మ్రోగిన చెడ్డర్ చీజు ఆ పడమటి సోమర్‌సెట్ సీమలో చెడ్డర్ అను పల్లె పేరు ధరించినది. గడ్డకట్టిన పాలను ముక్కలుగా కోసి, వెచ్చజేసి, తేట వార్చి, మిగిలిన ముద్దను పలకలుగా కోసి ఒకదానిమీద నొకటి పేర్చి, మాటిమాటికి త్రిప్పి పేర్చుచుందురు. తమ బరువుచేతనే ఆ పలకలు లోని నీటిని విడుచును. తరువాత పొడిచేసి, ఉప్పు కలిపి, అచ్చులలో నొక్కి, బట్ట చుట్టి, చల్లని గదులలో సంవత్సరమో, ఏడాదిన్నరయో మాగనిత్తురు. ఒక కిలో చెడ్డరునకు సుమారు 10 లీటర్ల పాలు పట్టును. వేసవిపచ్చికలో పొంగిన పాడిని చలికాలపు కొఱతకు దాచుకొను ఉపాయమిది. మనవారును పాడిని దాచిరి. కాని మాగుటకు కావలసిన పది పండ్రెండు డిగ్రీల చల్లదనము నలువది డిగ్రీల ఎండలో దొరకునది కాదు గనుక, వెన్నలోని నీటిని పొయ్యిమీద ఇగిర్చి నేయి చేసిరి. వారు నీటిని పిండి దాచిరి, మనము నీటిని కాచి దాచితిమి.

నార్త్ క్యాడ్‌బరీ గ్రామమున మాంట్‌గొమరీ కుటుంబమువారు పచ్చిపాలతో చేయు చెడ్డరు తునకను నోట నుంచుకొంటిని. మొదట ఉప్పన, వెనుక వేరుసెనగ వేయించినట్టి కమ్మదనము, తుదకు నాలుక అంచుమీద చింతపండునకు దూరపు బంధువనదగిన పులుపు. స్టిల్టన్ అనునది మఱియొక జాతి. దానిలో నీలపు బూజు నరములవలె ప్రాకియుండును. దిమ్మె కొంత మాగినపిమ్మట ఉక్కుసూదులతో పొడువగా, ఆ రంధ్రములవెంట గాలి చొచ్చి లోని బూజు మేల్కాంచును. బూజన్నంతనే ముఖము త్రిప్పుకొనువారు, దోసెపిండిని పులియబెట్టునదియు కంటికి కానరాని జీవులే యని తలచుకొన్నచో సగము జంకు తీరును. చట్టప్రకారము స్టిల్టనును డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ అను మూడు మండలములలోనే చేయవలెను; స్టిల్టన్ గ్రామ మా మూటికి వెలుపల నుండుటచే, తన పేరిటి చీజును తానే చేయరాని విచిత్రము దానికి పట్టినది! బాటసారులు దిగు ఆ యూరి సత్రమున అమ్ముడగుటచేత ఆ పేరు వచ్చినది. కార్న్‌వాల్ సీమలో దురదపెట్టు ఆకులు చుట్టి మాగవేయు యార్గ్ అను చీజు కలదు; గ్రే అను దంపతుల యింటిపేరును వెనుకనుండి చదివిన వచ్చిన నామ మది.

ఈ వైవిధ్యమంతయు ఒకప్పుడు కొండెక్కబోయిన దీపమే. 1933లో ఏర్పడిన పాలవిక్రయమండలి పల్లెపల్లె పాలను ఒకచోట చేర్చుట కారంభించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వము, నిలువయుండు గట్టి చీజునకే పాలను కేటాయించి, తక్కిన రకములను పెక్కింటిని ఆపించెను. 1941లో చీజునకు రేషను వచ్చెను. మనిషికి వారమునకు రెండు ఔన్సులు, అనగా ఇంచుమించు 57 గ్రాములు, సామాన్యముగా దొరకెడి వంతు. 1954లో రేషను తీరునప్పటికి చేయుచేతులు తగ్గెను, తినునోళ్ళు ఒకే రుచికి అలవాటుపడెను. పిమ్మట పాట్రిక్ రాన్స్ అను మాజీ సైనికాధికారి చీజుదుకాణము పెట్టి, పల్లెలు తిరిగి, మిగిలిన తయారీదారులను వెదకి, 1982లో బ్రిటిషు చీజులమీద పెద్ద గ్రంథము ప్రకటించెను. నీల్స్ యార్డుకు చెందిన రాండాల్ఫ్ హాడ్జ్‌సన్ పాడియిండ్లకు స్వయముగా పోయి దిమ్మెలను ఎంచి తెచ్చుట కారంభించెను. ఆయనయు జో ష్నైడరు అను తయారీదారుడును 2006లో పచ్చిపాలతో పూర్వపు స్టిల్టనును మరల చేయబూనగా, కాచి క్రిమిరహితము చేసిన పాలకే ఆ పేరు చెల్లునని చట్టమడ్డువచ్చెను. అంతట వారు స్టిల్టన్ గ్రామపు ప్రాచీననామము వెదకి తమ చీజునకు స్టిచెల్టన్ అని పేరిడిరి.

ఇక ద్రాక్షాసవపు మాట. పడమర వాన పచ్చికకు చాలును గాని ద్రాక్షతీగకు మితిమీరినది. వాన తగ్గి ఎండ కొంత హెచ్చు ఆగ్నేయదిక్కున, ససెక్స్, కెంట్ సీమలలో, నేలక్రింద తెల్లని సుద్దఱాయి పఱచుకొనియున్నది. సముద్రపుకాలువ కావల ఫ్రాన్సు దేశపు షాంపేను సీమలో నున్నదియు అట్టి సుద్దయే. 1952లో సర్ గై సాలిస్‌బరీ జోన్స్ హాంబుల్‌డన్ గ్రామమున ద్రాక్షతోట నాటినప్పుడు అది వృద్ధుని వేడుకగా తోచియుండును. 1988లో నైటింబర్ ఎస్టేటునందు షాంపేను జాతుల తీగలు నాటిరి. 2017లో షాంపేనుకే చెందిన టైటింజే సంస్థవారు కెంటులో తోట వేసిరి. ఆ బుడగల విద్య అక్కడ ప్రాతదే: ఆసవము బుడగలెత్తుటకు చక్కెర కలుపు సంగతిని క్రిస్టఫర్ మెరెట్ అనునతడు 1662లోనే లండను రాయల్ సొసైటీ యెదుట వినిపించెను. కొనువా రొక్క సూక్ష్మము గమనింపవలెను: "ఇంగ్లీషు వైను" అనగా అక్కడి తోటలో పండిన ద్రాక్షలది, "బ్రిటిషు వైను" అనునది విదేశపు ద్రాక్షరసపు చిక్కనిపాకముతో చేసినదియు కావచ్చును.

మా యింట మద్యమునకు ప్రవేశము లేదు. ఐనను విషయము వ్రాయదలచినవాడు అరకొఱగా వ్రాయరాదని, ఉద్ధరిణెడు పుచ్చుకొంటిని. చిన్నబుడగలు నాలుకమీద చిటపటలాడి, పచ్చి చీనీకాయ పులుపును వదలి పోయినవి. చలిలో నిదురించు తీగ పండించిన పులుపది. మన తీగకు చలినిద్ర లేదు గనుకనే దక్షిణదేశపు రైతు దానికి ఏటికి రెండుమార్లు కత్తెర వేయును. ద్రాక్షాసవము మనకును కొత్త కాదు: మన పెన్నేరు పుట్టిన నందికొండల పాదమున, దొడ్డబళ్ళాపురముచెంత, గ్రోవరు వారు 1988లో ఆసవముకొఱకే ద్రాక్షతోట స్థాపించిరి.

రుచిచూచు పద్ధతి కష్టమైనది కాదు. చీజును చలిపెట్టెనుండి ముందుగా వెలికి తీయవలెను. అక్కడ గంట, అనంతపురపు చైత్రమాసములో పావుగంట చాలును. మెత్తనిదానితో మొదలిడి, గట్టిదానికి పోయి, నీలపు బూజుదానిని తుదకు ఉంచవలెను. లేనిచో దాని ఘాటుముందు తక్కినవి మూగపోవును. చెడ్డరునకు ఆపిలుపండు, స్టిల్టనునకు తియ్యని పోర్టు వైను లేక ఎండుద్రాక్ష, మేకపాల లేతచీజునకు బుడగల వైను తోడు. మద్యము వలదనువారికి మన దానిమ్మ చాలును. జొన్నరొట్టె చెడ్డరుతో నేనెఱిగిన జోడు.

నా మనసు దోచినది మాత్రము బెర్క్స్‌వెల్ అను గొఱ్ఱెపాల చీజు. గొఱ్ఱెపాలలో వెన్న ఆవుపాలకు ఇంచుమించు రెట్టింపు. ఆ గట్టితునక నమలుచున్నప్పుడు, ఇన్ని గొఱ్ఱెలు తిరుగు మా మెట్టనేలమీద ఈ వస్తువేల పుట్టలేదని ఊరు చేరువఱకు తలపోయుచుంటిని. తిరిగివచ్చిన వారమునకు, ఎరువుకొఱకు మా బంధువుల చేనిలో మంద కట్టిన కాపరిని అడిగితిని.

"ఏమప్పా, ఈ గొర్రెపాలు పిండరా?"

"పిండేదా సామీ?" అని అతడు నవ్వెను. "పిల్లకే చాలవు. వాన యాడుంది, మేత యాడుంది? పిల్ల బతికితేనే మంద, మందుంటేనే మేము."

నా ప్రశ్నకు సమాధానము దొరకినది. ప్రొద్దు నడినెత్తి కెక్కగా అతడు మూట విప్పి, రాగిముద్దలో కొంత త్రుంచి, వేరుసెనగ ఊరిబిండి అద్ది నా చేతిలో పెట్టెను. ముద్ద తియ్యగా ఉన్నది. లండను అంగడిలో అడిగినట్లే అడిగితిని, ఇవి ఏ చేని రాగులని. అతడు క్షణమైన ఆలోచింపలేదు.

"ఎగువ చేనివి సామీ. ఆరుద్రలో దానికొక్కదానికే పదును వాన పడింది."