తాతమ్మల కాలం మీద కథ రాయాలంటే



మనలో కథలు రాసేవారు చాలామందే వున్నారు. వంటయి, పిల్లలు బడికి వెళ్లాక దొరికే రెండు గంటల్లో కాగితం ముందేసుకునేవారు. అత్తాకోడళ్ల కథలు రాసి రాసి, ఇక తాతమ్మల కాలం మీద, ఖద్దరూ సత్యాగ్రహాలూ జైళ్లూ పెట్టి ఒక నవల రాద్దామనిపించడం సహజమే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918కీ, రెండోది మొదలైన 1939కీ మధ్య మన ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలు చూసిన అలజడి అంతా ఇంతా కాదు. అయితే ఆ సంగతులు ఎక్కడ దొరుకుతాయి, దొరికినవాటిలో వేటిని నమ్మాలి?

కల్పనే కదా, ఎలా రాస్తేనేం అనుకోకండి. ఊరి పేరు పెట్టి, ఫలానా సంవత్సరం అని రాశాక చదివేవాళ్లు దాన్ని కల్పన అనుకోరు. సత్యాగ్రహంలో జైలుకెళ్లి, మధ్యలో క్షమాపణ రాసిచ్చి బయటికొచ్చినవాళ్లూ వున్నారు. ఎవరో అన్నారని ఆ పని మీరు ఒక కొల్లేటి లంక మునసబుగారికి అంటగట్టారనుకోండి. ఇంటిపేరు మార్చినా ఆ ఊరివాళ్లకి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. రేపు ఆయన మునిమనవరాలి పెళ్లిమాటల్లో ఆ సంగతి పైకొస్తుంది. నిజానికి ఆయన ఏమీ రాసివ్వలేదనుకోండి, ఆ మచ్చ తుడిచేదెవరు?

అందుకని ఏ కాగితం చేతికొచ్చినా ముందు ఒక్కటి చూడండి: ఇది జరిగిన వారంలో రాసిందా, గెలుపోటములు తేలాక రాసిందా? జర్మనీ సంగతే తీసుకోండి. హిట్లరు 1933 జనవరి 30న అధికారంలోకి వచ్చాడు. 1945లో అతను ఓడి చచ్చాక ఎంతమందో, మాకు మొదటినుంచీ అతనంటే గిట్టదన్నారు. డ్రెస్డెన్‌లో క్లెంపరర్ అనే యూదు ప్రొఫెసరుగారు మాత్రం ఆ పన్నెండేళ్లూ రహస్యంగా దినచర్య రాసుకున్నారు. అంగట్లో ఏం దొరకలేదో, పక్కింటివాళ్లు పలకరించారో లేదో, అన్నీ అందులో వున్నాయి. రేపు ఏం జరగబోతోందో తెలియకుండా రాసిన మాటలవి. 1995లో అచ్చయ్యాయి. ఆ కాలం మీద నవల రాసేవారికి అంతకంటే ఏం కావాలి!

మన దగ్గరా అంతే. 1947 తరవాత ప్రతి ఊళ్లోనూ సత్యాగ్రహుల సంఖ్య పెరిగింది. 1972లో కేంద్రం స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ఇవ్వడం మొదలుపెట్టాక ఇంకాస్త పెరిగింది. అందరూ అబద్ధాలాడారని నేననను. జ్ఞాపకం కూడా ఇంట్లో ఇత్తడి బిందెలాంటిదే, తోమిన కొద్దీ మెరుపెక్కుతుంది.

జరిగిన వారంలో రాసినవాటిలో మనకు దొరికేవి ముఖ్యంగా పత్రికలు. బందరు నుంచి ముట్నూరి కృష్ణారావుగారి కృష్ణాపత్రిక, మద్రాసు నుంచి కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక. మన ఆడవాళ్లకోసం 1928 నుంచి కేసరిగారి గృహలక్ష్మి వుండనే వుంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలోనూ, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనూ పాత సంపుటాలు చూడవచ్చు. వార్తలతో పాటు ప్రకటనలు కూడా వదలకుండా చదవండి. తలనూనె సీసా ఎంత, చీర ఎంత, అమృతాంజనం ఎంత అన్నది అణాపైసలతో సహా తెలిసేది అక్కడే. చరిత్ర పుస్తకం రాసేవారికి అవి అక్కర్లేకపోవచ్చు, కథ రాసేవారికి అవే ప్రాణం.

పత్రికలో లేనంత మాత్రాన జరగలేదనుకోవద్దు సుమా. 1930 ఏప్రిల్‌లో ప్రెస్ ఆర్డినెన్సు వచ్చాక ధరావతు కట్టమన్నారు, చాలా పత్రికల నోరు కట్టేశారు. అప్పుడు రెండోవైపు కాగితాలు చూడాలి. మద్రాసు ప్రభుత్వం పక్షానికోసారి ఢిల్లీకి పంపిన రిపోర్టులున్నాయి. దేశభాషా పత్రికల్లో ఏం రాస్తున్నారో ఇంగ్లీషులోకి సారం తీయించి దాచుకున్నవీ వున్నాయి. మనం అప్పట్లో మద్రాసు రాజధానిలో వున్నాం కాబట్టి అసలు దస్తరాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని పురాలేఖల కార్యాలయంలో వున్నాయి. వాటిలో తేదీలు, సెక్షన్లు, శిక్ష ఎన్ని నెలలన్నది గట్టిగా వుంటాయి. మనుషుల మనసు మాత్రం వుండదు. అల్లూరి సీతారామరాజుగారి మన్యం పోరాటం 1922 ఆగస్టు నుంచి ఆయన్ని కాల్చిచంపిన 1924 మే దాకా వాళ్ల కాగితాల్లో వట్టి ఫితూరీ. అటు 1974లో వచ్చిన సినిమా చూసి రాసినా అదే చిక్కు, అది ఇటువైపు ఒరిగి వుంటుంది.

అంత దూరం వెళ్లలేనివారికి దగ్గర దారి ఒకటుంది. మామిడిపూడి వెంకటరంగయ్యగారు ఇలాంటి ప్రభుత్వపత్రాలే ఏర్చి కూర్చి ఆంధ్రలో స్వాతంత్ర్య పోరాటం మీద ఇంగ్లీషులో సంపుటాలు తెచ్చారు. 1921 నుంచి 1931 వరకు మూడో సంపుటం. హైస్కూలు చదువుతో ఆగినదాన్ని నేనే, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మీరెందుకు చదవలేరు?

ఇంకో చిక్కు జిల్లాపేరు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు ఏలూరు వచ్చిన కాగితం కావాలంటే పశ్చిమ గోదావరి కింద వెతికితే దొరకదు. ఆ జిల్లా పుట్టిందే 1925లో, అంతకుముందు ఏలూరు కృష్ణాజిల్లాది. 2022లో మళ్లీ విడగొట్టారు. ఏలూరు, కొల్లేరు ఒక జిల్లా, తాడేపల్లిగూడెం ఇంకో జిల్లా అయ్యాయి. ఏ ఏటి కాగితం కావాలో ఆ ఏటి జిల్లాపేరు అడగాలి.

ఇంట్లో పెద్దవాళ్ల మాట తీసేయమని కాదు. కానీ ఇప్పుడున్న అమ్మమ్మలు కూడా తమ తల్లుల దగ్గర విన్నవే చెబుతారు. వాళ్లు సన్ తారీకులు చెప్పరు, దుందుభిలో అంటారు, ప్రమోదూతలో అంటారు. పంచాంగం తీయండి, దుందుభి అంటే 1922 ఉగాది నుంచి, ప్రమోదూత అంటే 1930 ఉగాది నుంచి. దండియాత్ర శుక్ల సంవత్సరంలో బయల్దేరి, ఉగాది దాటాక ప్రమోదూతలో ఉప్పు చేసింది. ఈ ఒక్క లెక్కతో పెద్దవాళ్ల మాట పత్రికతో సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. వంట, మడి, ఖద్దరుచీర బరువుకి తిట్టుకోవడం, జైలుకెళ్లిన కోడలు తిరిగొస్తే వంటింట్లోకి రానిచ్చారా లేదా, ఇలాంటివి మాత్రం వాళ్లదగ్గరే దొరుకుతాయి.

రాశాక ఒకసారి సామాను సరిచూసుకోండి. 1930లో ఏలూరు ఇంట్లో విజయవాడ రేడియో మోగకూడదు, ఆ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరు 1న. హీరో సి.ఆర్.రెడ్డి కాలేజీలో చదవకూడదు, అది 1945లోది. తాడేపల్లిగూడెం విమానాల మైదానం రెండో ప్రపంచ యుద్ధకాలంది. కొల్లేట్లో చేపల చెరువులు పెట్టేరు, అవి చాలా తరవాతివి. అప్పుడక్కడ తాటిదోనెలు, లంకలు, వరదొస్తే బుడమేరు తమ్మిలేరుల నీళ్లు. నయాపైసలు 1957 దాకా లేవు.

చివరగా మన ఆడవాళ్ల పేర్లు. 1922లోనే జైలుకెళ్లిన దువ్వూరి సుబ్బమ్మగారి లాంటివారి పేర్లు అందరికీ తెలుసు. మిగతావాళ్లు పత్రికల్లో తరచు ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అనే వుంటారు. అసలు పేరు కావాలంటే రిజిస్ట్రారు కచేరీలో అడగండి. పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమి దస్తావేజులో ఆవిడ పేరు, తండ్రిపేరు, భర్తపేరు, ఊరు వుంటాయి, చాలాచోట్ల వేలిముద్ర కూడా వుంటుంది. రుసుము కడితే నకలు ఇస్తారు. సర్వే నెంబరు తెలిస్తే పని త్వరగా అవుతుంది, కనక ముందు ఇంట్లో పాత పెట్టె వెతికి వెళ్లండి.