బ్రౌజరు – ఎంపిక, సంరక్షణ

విద్యార్థికి ప్రభుత్వముతోను, విశ్వవిద్యాలయముతోను గల సంబంధము నేడు అధిక భాగము ఒక కిటికీ ద్వారా సాగుతున్నది. మన రాష్ట్రములో డిగ్రీ కళాశాలల ప్రవేశములు చాలవరకు 2016లో ప్రారంభమైన ‘దోస్త్’ ద్వారా జరుగుతున్నవి. ఉపకార వేతనమునకు ‘ఇ-పాస్’లో దరఖాస్తు చేసుకొనవలెను. పరీక్షా ఫలితములు, ఉద్యోగ ప్రకటనలు అక్కడనే చూడవలెను. ఆ కిటికీ పేరే బ్రౌజరు. గడువు చివరి దినమున అది కదలక నిలిచిపోయినచో ఒక పేద విద్యార్థి ఒక సంవత్సరపు వేతనమును కోల్పోవచ్చును. కావున దానిని ఎన్నుకొనుట, చక్కగా ఉంచుకొనుట మనకు విలాస విద్య కాదు, అవసర విద్య.

1990లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ మొదటి బ్రౌజరును నిర్మించినప్పుడు దాని పని తేలిక. దూరమున ఉన్న పుటను తెచ్చి చదువుటకు వీలుగా చూపిన చాలును. నేటి పుట అట్టిది కాదు. అక్షరములతో పాటు చిత్రములు, దృశ్యములు, ప్రకటనలు, వాటిని నడిపించు ఆదేశములు కూడ అందులో వచ్చును. వాటినన్నిటిని మన యంత్రపు జ్ఞాపకశక్తిలో, అనగా ర్యామ్‌లో, నిలిపి నడుపు భారము బ్రౌజరుదే.

మందకొడితనమునకు కారణమెక్కడ ఉన్నదో గుర్తించుటకు మన ప్రాంతపు జూరాల కాలువ మంచి ఉదాహరణము. ప్రధాన కాలువ నిండుగా పారుతున్నను, పిల్లకాలువలో పూడిక చేరి పిచ్చి మొక్కలు పెరిగినచో చివరి మడికి నీరందదు. ఇంటర్నెట్ కనెక్షన్ ప్రధాన కాలువ వంటిది. బ్రౌజరు పిల్లకాలువ వంటిది. మనము తరచుగా మొదటి దానిని నిందించి రెండవ దానిని మరచిపోతున్నాము.

మొదట ఎంపికను గురించి ఆలోచింతము. బ్రౌజర్ల పేర్లు అనేకమైనను వాటి లోపలి యంత్రములు కొద్దియే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా అను నాలుగును క్రోమియం కుటుంబమునకు చెందినవి. ఫైర్‌ఫాక్స్ యంత్రము వేరు, ఆపిల్ వారి సఫారి యంత్రము వేరు. క్రోమ్‌లో తెరచుకొనని దరఖాస్తు పుటను ఎడ్జ్‌లో ప్రయత్నించినందువలన లాభము స్వల్పము. అదే పుటను ఫైర్‌ఫాక్స్‌లో ప్రయత్నించిన లోపము పుటదో, బ్రౌజరుదో తేలును. అందుచేత ప్రతి యంత్రములో రెండు కుటుంబముల నుండి ఒక్కొక్క బ్రౌజరు ఉంచుట వివేకము.

యంత్రపు వయస్సును కూడ గమనింపవలెను. 2023 ఫిబ్రవరిలో వెలువడిన 110వ రూపము నుండి క్రోమ్ విండోస్ 7 పై పనిచేయదు. ఒకనాడు మన దేశమున సర్వవ్యాప్తమైన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును 2022 జూన్‌లో మైక్రోసాఫ్టు విరమింపజేసినది. పాతబడిన బ్రౌజరు నెమ్మదిగా నడచుటయే గాక, దొంగలకు తలుపు తీసి ఉంచును.

ఇక పొడిగింతల సంగతి. బ్రౌజరుకు లేని శక్తిని చేర్చు చిన్న ఉపకరణములకు ఎక్స్‌టెన్షన్లు, యాడ్-ఆన్‌లు అని పేరు. అవి మేలు చేయగలవు అనుటకు తెలుగువారి అనుభవమే సాక్ష్యము. యూనికోడు వ్యాప్తిలోనికి రాక పూర్వము తెలుగు దినపత్రికల జాలపుటలు ఒక్కొక్కటి తన సొంత అక్షర సంకేతములతో వెలువడెడివి. అవి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో తప్ప ఇతరత్రా సరిగా కనిపించెడివి కావు. ఆ వార్తలను వెదకుటకు వీలులేదు. తెలుగు వికీపీడియా ఆవిర్భావమునకు కృషి చేసిన వెన్న నాగార్జున ‘పద్మ’ అను ఉపకరణమును రూపొందించిరి. ఫైర్‌ఫాక్స్‌కు దానిని జోడించినంతనే ఆ పుటలు యూనికోడులోనికి మారి చదువుటకు అనువయ్యెడివి. తరువాత అది ఇతర భారతీయ లిపులకును విస్తరించినది.

కాలక్రమమున పత్రికలు యూనికోడునకు మారినవి. పద్మ అవసరము తగ్గినది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57వ రూపము పాత పద్ధతి పొడిగింతలన్నిటిని నిలిపివేసినది. అవి బ్రౌజరు అంతర్భాగములలో స్వేచ్ఛగా చొరబడి దాని వేగమునకు, భద్రతకు ఆటంకమగుటయే కారణము. పొడిగింత ఒక అవసరము కొరకు వచ్చును, ఆ అవసరము తీరిన పిమ్మట సెలవు పుచ్చుకొనవలెను.

ఉర్దూ విద్యార్థులకును ఈ విషయము వర్తించును. ఉర్దూ పుట నస్తలీఖ్‌లో గాక నస్ఖ్‌లో కనిపించుటకు సాధారణ కారణము యంత్రములో నస్తలీఖ్ అక్షరరూపము లేకపోవుటయే. నోటో నస్తలీఖ్ ఉర్దూ వంటి ఉచిత ఫాంటును స్థాపించి, బ్రౌజరు సెట్టింగులలో దానిని ఎన్నుకొనిన చాలును. దీనికై పొడిగింతను చేర్చుకొననక్కరలేదు.

చేర్చుకొనుటకు ముందు మరియొక విషయము. చాల పొడిగింతలు “అన్ని పుటలలోని సమాచారమును చదువుటకు, మార్చుటకు” అనుమతి కోరును. అట్టి దానికి మన బ్యాంకు ఖాతా సంఖ్య, రహస్యపదము కూడ కనిపించును. ‘ద గ్రేట్ సస్పెండర్’ కథ గుణపాఠము. వాడని ట్యాబులను నిద్రపుచ్చి యంత్రమును తేలిక పరచుటకు పుట్టిన ఆ ఉపకరణమును సుమారు 20 లక్షల మంది వాడిరి. 2020లో అది కొత్త యజమాని చేతికి పోయినది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని హానికరమైనదిగా ప్రకటించి తొలగించినది. ఇంటి తాళము ఒకరికి ఇచ్చినాము, అది వేరొకరి చేతికి మారినది!

బ్రౌజరు మందగించినప్పుడు ఈ క్రమమున పరీక్షింపవలెను. అదే పుటను ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరువవలెను. అక్కడ పొడిగింతలు సాధారణముగా పనిచేయవు. పుట చురుకుగా వచ్చినచో దోషము పొడిగింతలలో ఉండవచ్చును. అప్పుడు ఒక్కొక్క దానిని ఆపి చూడవలెను. ఫైర్‌ఫాక్స్‌లో ఇందుకు ట్రబుల్‌షూట్ మోడ్ ఉన్నది. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కిన ఏ ట్యాబు, ఏ పొడిగింత ఎంత జ్ఞాపకశక్తిని ఆక్రమించినదో జాబితా కనిపించును. 4 జి.బి. ర్యామ్ గల యంత్రములో ఇరువది ట్యాబులు తెరచి ఉంచుట ఒంటెద్దు బండిపై పది పుట్ల ధాన్యము వేయుట వంటిది. ట్యాబులను నిద్రపుచ్చు సౌకర్యము నేడు ప్రధాన బ్రౌజర్లలోనే ఉన్నది. క్యాషేను దినదినము తుడుచుట మాత్రము సరికాదు. తుడిచిన ప్రతిసారి చిత్రములన్నిటిని మరల తెచ్చుకొనవలసి వచ్చి పని ఇంకను ఆలస్యమగును.

ఆత్మకూరు వంటి పట్టణములో ఎందరో విద్యార్థులు ఇతరుల యంత్రములపై ఆధారపడుదురు. అట్టి చోట అతిథి కిటికీలో పనిచేసి, రహస్యపదమును భద్రపరుపక, పని ముగియగనే బయటికి వచ్చుట మరువరాదు. కళాశాల కార్యవర్గమునకు మా విన్నపము ఒకటి. దరఖాస్తుల కాలమునకు ముందు ప్రతి ఏడు ఒక దినమును కేటాయించి, కంప్యూటర్లలోని బ్రౌజర్లను నవీకరించి, అనవసరపు పొడిగింతలను తీసివేయించినచో మేలు. దీనికి ధనము అక్కరలేదు. నలుగురు విద్యార్థుల శ్రమ చాలును. కాలువ పూడిక నీరు వదలుటకు ముందే తీయవలెను గదా!