పార పోయింది.. చూపు మిగిలింది!

రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ (ఏఎల్‌పీ) కోచింగ్‌కు ఫీజు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ముందు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చారా? సబ్బవరం, పెందుర్తి, కొత్తవలస వైపు ఏఎల్‌పీకి సిద్ధమయ్యే కుర్రాళ్లు చాలామంది ఈ పని ఆఖరికి వదిలేస్తారు. అదెందుకు ముందే చేయాలో తెలియాలంటే ఆవిరి ఇంజన్ల కాలానికి ఒకసారి వెళ్లాలి.

అప్పట్లో వాల్తేరు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి దక్షిణపు కొస. ఆవిరి ఇంజన్ స్విచ్ నొక్కితే కదిలేది కాదు. బండి బయల్దేరడానికి గంటల ముందే షెడ్డులో నిప్పు రాజేయాలి. బూడిద ఎత్తాలి, బాయిలర్ లోపల పేరుకున్న గార కడగాలి. నీటిమట్టం మరీ పడిపోతే నిప్పుగూడు పైకప్పులోని సీసపు బిరడా కరిగి, ఆవిరి లోపలికి తన్నుకొచ్చి హెచ్చరించేది. పార పట్టి బొగ్గు వేసేవాడు ఫైర్‌మ్యాన్. బొగ్గు వేస్తూనే తన వైపు సిగ్నల్ చూసి డ్రైవర్‌కు చెప్పడం కూడా అతని పనే. ఆ ఫైర్‌మ్యాన్ స్థానమే నేటి ఏఎల్‌పీది.

స్వాతంత్య్రం వచ్చాక మన గూడ్సు బళ్లను లాగిన డబ్ల్యూజీ ఇంజన్లలో తొలివి 1950లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చాయి. వాటిని చేసిన నార్త్ బ్రిటిష్ కంపెనీ డీజిల్‌కు సరిగా మారలేక 1962లో మూతపడింది. మన దగ్గర బ్రాడ్‌గేజ్‌పై ఆవిరి బళ్లు 1995 దాకా నడిచాయి.

విశాఖ కథ వేరు. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మొదట డీజిల్‌తో నడిచి, తర్వాత కరెంటుకు మారింది. ఆ ఘాట్ ఎక్కడానికి స్వీడన్, జపాన్‌ల నుంచి తెప్పించిన డబ్ల్యూఏజీ-6 ఇంజన్లన్నీ విశాఖ షెడ్డువే. ఇప్పుడు డీజిల్ షెడ్డు కూడా కరెంటు ఇంజన్లను చూసుకుంటోంది. అంటే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ చేతికి పని పోలేదు, పనిముట్టు మారిందంతే.

పార పోయినా సిగ్నల్ చూసి గట్టిగా పలికే పని మాత్రం ఏఎల్‌పీకి ఇప్పటికీ ఉంది. అందుకే ఈ పోస్టుకు ఏ-1 వైద్య ప్రమాణం. కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 ఉండాలి, రంగులు తేడా లేకుండా గుర్తుపట్టాలి. లేసిక్ చేయించుకున్నవారికి అర్హత లేదు. ‘ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందిలే’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండు సీబీటీలు గట్టెక్కి, ఆప్టిట్యూడ్ పరీక్షలో ప్రతి విభాగంలోనూ 42 స్కోరు తెచ్చుకున్నాక, చివర్లో వచ్చే మెడికల్‌లో వెనుదిరగడం ఎంత బాధో ఊహించుకోండి.

చూపు బాగుంటే పదో తరగతితో పాటు సంబంధిత ట్రేడులో ఐటీఐ, లేదా మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ డిప్లొమా ఉంటే చాలు. ఈ బ్రాంచుల బీటెక్ వాళ్లూ రాయొచ్చు. ఒక్క ఆర్‌ఆర్‌బీకే దరఖాస్తు చేయాలి.

చూపు సరిపోకపోతే షెడ్డు తలుపు మూసుకుపోయినట్టు కాదు. టెక్నీషియన్ పోస్టుల్లో చాలావాటికి కళ్లద్దాలు అడ్డు కావు. పోస్టును బట్టి ప్రమాణం మారుతుంది కాబట్టి నోటిఫికేషన్ చివరి పట్టిక తప్పక చదవండి. ఐటీఐ వాళ్లకు రైల్వే అప్రెంటిస్‌షిప్ మరో దారి. సాధారణంగా పరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటీఐ మార్కులే చూస్తారు. అది ఉద్యోగం కాదు గానీ, పూర్తిచేసినవారికి లెవెల్-1 ఖాళీల్లో 20 శాతం కేటాయిస్తారు.