‘కూలి’ శబ్దము – దాని పరదేశయాత్ర

అండమాను దీవుల ముఖ్యనగరమైన పోర్టు బ్లేయరులో డిగ్నాబాద్ అను పేట యొకటి కలదు. ఆ నగరమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. పేరు ఏదైనను అది పలుభాషల ఊరు. 2011 జనాభా లెక్కలనుబట్టి ఆ దీవులలో వంగభాష, హిందీ, తమిళముల తరువాతి స్థానము తెలుగుది. నూటికి సుమారు 13 మంది దానిని మాతృభాషగా చెప్పుకొనిరి. అట్టి చోట శ్రీకాకుళమునుండి వచ్చిన మనిషి తనకు ఇంకను కూలి రాలేదని చెప్పినచో, ప్రక్కనున్న తమిళునకు వెంటనే అర్థమగును. హిందీ మాటలాడు పొరుగువాడు మాత్రము మూటలు మోయువాడెవడో ఇంకను రాలేదని తలచుటకు వీలున్నది. ఒకరి చెవికి అది డబ్బు. మరొకరి చెవికి అది మనిషి. రైలన్నది లేని ఆ దీవులలో సైతము రెండవ యర్థము రైలుస్టేషనును తలపునకు దెచ్చును.

రెండక్షరముల ఈ మాట ప్రపంచమున తిరిగినంత దూరము తెలుగు పలుకులలో మరియేదియు తిరిగియుండదు. తిరిగిన మేరకు అర్థమును పోగొట్టుకొన్న మాటయు ఇదియే.

తెలుగున కూలి యనగా చేసిన పనికి ప్రతిఫలము. కూలికి పోవుట, కూలి గిట్టుట, దినకూలి, కూలినాలి మున్నగు పలుకుబడులన్నిటను ఈ యర్థమే కనబడును. పనిచేయు మనిషిని చెప్పవలసివచ్చినప్పుడు కూలివాడు, కూలిమనిషి అని మరియొక పదము చేర్చుట మన వాడుక. అనగా మొదట కూలి, తరువాత దానిని పొందు హక్కుగల మనిషి. తమిళ, కన్నడ, మలయాళములందును ఇదే శబ్దము ఇదే యర్థమున నున్నది. 1961లో వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీనినన్నిటిని ఒక్కచోట చేర్చినది. మాట ప్రాచీనమైనది. తిరుక్కురళులో పురుషప్రయత్నమును గూర్చిన అరువదిరెండవ అధికారమున ఈ శబ్దము శ్రమఫలమను గౌరవార్థమున ప్రయుక్తమైనది. అక్కడ దైవమువలన కాకున్నను ప్రయత్నము మేనికష్టమునకు తగిన కూలి నిచ్చును!

తెలుగులోనే ఇంకొక ‘కూలి’ కలదు. చెట్టు కూలి పడినది అనునప్పటిది. కూలు ధాతువునకు క్త్వార్థకము. వ్రాతలోను, ఉచ్చారణలోను భేదము లేదు; చుట్టరికమును లేదు. ఒకే రూపమున రెండు శబ్దములు పొరుగిండ్లవలె నుండుట ఏ భాషలోనైన జరుగునదే. ఈ మాట విషయమున మాత్రము ఆ పొరుగిండ్లు మరీ ఎక్కువ.

1886లో యూల్, బర్నెల్ అను పండితులు ప్రచురించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఇంగ్లీషులోని ‘కూలీ’ పదమునకు ఒక్క పుట్టుక చూపి ఊరకుండలేదు. పశ్చిమతీరమున గుజరాతు, కొంకణములందు కోళీ యను జాతివారు కలరు. వారిలో చేపలు పట్టువారు, సేద్యము చేయువారు, బరువులు మోయువారు నుండిరి. పోర్చుగీసువారు మొదట ఎరిగినది వీరిని. ఒక జాతిపేరు కాలక్రమమున కష్టజీవుల కందరికిని పేరైనదని ఒక వాదము. ద్రావిడ భాషలలోని వేతనవాచియే మూలమని మరియొకటి. తురుష్కభాషలో దాసుడని యర్థమిచ్చు ‘కుల్’ శబ్దముయొక్క ఛాయయు నిందున్నదని ఇంకొకటి.

ఈ మూడవదానిని తెలుగువారు తేలికగా త్రోసివేయరాదు. ఉర్దూలో బరువులు మోయు కులీని వ్రాయు అక్షరములును, గోలకొండ ప్రభువుల పేళ్లలోని ‘కులీ’ని వ్రాయు అక్షరములును ఒక్కటే. 1518లో కుతుబ్‌షాహీ వంశమును నిలిపిన సుల్తాన్ కులీ తురుష్కజాతీయుడు; హైదరాబాదు నిర్మాతయైన ముహమ్మద్ కులీ ఆ వంశమువాడే. ఇట్టి పేళ్లలో కులీ యనగా సేవకుడు. అలీ కులీ యనగా అలీ దాసుడు. మన రామదాసు, కృష్ణదాసు వంటి నామములే యివి. మహనీయునకు దాసుడనిపించుకొనుట రాజునకు సైతము గౌరవము. ఉర్దూ వ్రాయసకాండ్రు దక్షిణదేశపు కూలిని తమ లిపిలో పెట్టునప్పుడు పరిచితమైన ఈ రూపమునకు దానిని ఒదిగించిరని యూహించుట అసంగతము కాదు. ఫలితముగా చార్మినారు కట్టించిన ప్రభువు పేరును, సికిందరాబాదు స్టేషనులో పెట్టె నెత్తికెత్తుకొనువాని పేరును కాగితముపై కవలలైనవి.

ఇక ఈ మూడింటిలో ఏది నిజమైన మూలము? ఒక్కదానిని పట్టుకొని తక్కినవానిని కాదనుటలో లాభము లేదు. పశ్చిమతీరమున కోళీని విన్న పరదేశి తూర్పుతీరమునకు వచ్చి కూలి యను మాటను వినెను. రెండింటిని ఒక్కటిగా భావించెను. 17వ శతాబ్ది ప్రారంభముననే డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును మచిలీపట్టణమున వర్తకస్థానములు నెలకొల్పిరి. అచ్చటి రేవులలో సరకులు మోయించుకొన్న దొరకు ప్రతిదినము వినబడినది కూలి యను శబ్దమే. చేయిచాచిన మనిషి అడిగినది తన వేతనమును. దొర విన్నది ఆ మనిషి పేరును. లెక్కపుస్తకమున వ్యయము క్రింద పడవలసిన పదము జనుల పట్టికలోనికి ఎక్కినది. ఇది ఊహయే, కాని అర్థము మారిన తీరును ఇంతకంటె సులభముగా చెప్పు మార్గము కానరాదు.

19వ శతాబ్దిలో ఈ పదమునకు ఓడప్రయాణము ప్రాప్తించినది. 1834లో బ్రిటిషు వలసలలో బానిసత్వము రద్దు కాగా, ఆ సంవత్సరమే మారిషస్ చెరకుతోటలకు ఒడంబడికపై భారతీయులను కొనిపోసాగిరి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి పోయిన తెలుగువారికి మారిషస్‌లోను, బర్మాలోను ‘కొరంగీలు’ అనియే పేరు నిలిచినది. 1860 నవంబరులో మదరాసునుండి నాటాలు చేరిన ట్రూరో ఓడలో తెలుగువారును కలరు. సూరినాముకు 1873 నుండి భారతీయులను చేర్చుకొన్న డచ్చివారు, 1880లో సుమాత్రా తోటలకై చేసిన శాసనమునకు కూలి శాసనమనియే నామకరణము చేసిరి. పని వదలి పోయినవానికి శిక్ష విధించుటకు అది యధికార మిచ్చినది. వేతనమును చెప్పు మాట శిక్షాస్మృతికి మకుటమగుట కంటె విపరీత మేమి కావలెను?

దక్షిణాఫ్రికాలో ఇంకొక మెట్టు దిగినది. ట్రాన్స్‌వాలు ప్రభుత్వపు 1885నాటి మూడవ శాసనము ఆసియావాసుల నెన్నుచు ‘కూలీలనబడువారి’ని పేర్కొన్నది. అప్పటికి అది వృత్తినామము కాదు, జాతినామము. వర్తకుడైనను కూలీయే, గుమాస్తా యైనను కూలీయే. 1893లో అచ్చటికి పోయిన గాంధీజీ ‘కూలీ బారిస్టరు’ అనిపించుకొనెను. తన పక్షమున పుచ్చుకొన్న రుసుమును ఎవరును కూలి యనలేదు. పుట్టిన దేశమునుబట్టి మాత్రము కూలీ యనిరి. రంగూను రేవులో 1930 మే నెలలో తెలుగు కూలీలు సమ్మెచేయగా వారి స్థానమున బర్మీయులను పెట్టుటయు, తెలుగువారు తిరిగి వచ్చినప్పుడు అల్లరులు చెలరేగి పలువురు హతులగుటయు జరిగినది. ఆ సమ్మె నిజముగా కూలికొరకే జరిగినది. చరిత్రగ్రంథములలో మాత్రము అది కూలీల అల్లరి.

ఐరోపాలో ఈ ధ్వని చేరిన ఇండ్లు చిత్రమైనవి. జర్మనులో కూలి యనగా మొదట ఆసియా కార్మికుడు. 1928లో ఒక కలముల తయారీసంస్థ తన సిరాకలమునకు ‘టింటెన్‌కూలి’, అనగా సిరాకూలి, అని పేరిడినది. చెప్పినట్లు వ్రాయు బంటు అని కాబోలు. తరువాత బాల్‌పెన్ను వచ్చినది. దాని జర్మను పేరు కూగెల్‌ష్రైబర్; మొదటి భాగమును కుదించి దానినిగూడ కూలి యనిరి. నేటి జర్మను బాలుని సంచిలోని కూలికి మన కూలితో సంబంధము కలదా యన్న, కలదనియు లేదనియు రెండును చెప్పవచ్చును. కుదింపు వారి సొంతము. సిరాకూలి జ్ఞప్తిలో లేకున్న ఆ కుదింపు అంత తేలికగా నాటుకొనెడిది కాదేమో. అంతేకాక స్టేషనులో సామానులు త్రోసుకొనిపోవు చక్రాలబండికి వారిలో ‘కొఫెర్‌కూలి’, పెట్టెలకూలి, అని పేరు. మనిషి పోయి బండి వచ్చినది. పేరు మాత్రము మనిషిది.

రష్యనులో కార్మికుని పేరైన ‘కూలి’ యందు ఊనిక మొదటి యక్షరముపై నుండును. ఊనిక చివరికి జరిగినచో అది ‘కుల్’ అను పదమునకు బహువచనమై గోనెసంచులని యర్థమిచ్చును. ఇది తోలుసంచిని చెప్పు లాటిను ‘కులెయుస్’ నుండి పోలిషు మీదుగా వచ్చినదని వ్యుత్పత్తిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. సంచియు, దానిని మోయువాడును ఒకే పేరున నుండుట చూచి చుట్టరికము కల్పింపబోవువాడు పప్పున కాలు వేసినట్లే. ఇది శుద్ధముగా కాకతాళీయము. ఇటాలియనులో ‘కూలి’ అను రూపము సభలో నుచ్చరింపరాని శరీరభాగమునకు బహువచనము. మూలము లాటిను ‘కూలుస్’. దానికిని మనకును ఏమియు లేదు. రోము నగరమున కూలి శబ్దచరిత్రపై ఉపన్యసింపబోవు ఆంధ్రపండితుడు ఈ సంగతిని ముందుగా నెరిగియుండుట క్షేమము.

ఐరోపావారినుండి చీనీయులు ఈ మాటను గ్రహించి, ధ్వనికి సరిపడు రెండు లిపిసంజ్ఞలను ఎన్నుకొనిరి: ‘కూ’ యనగా చేదు, లేక కష్టము, ‘లీ’ యనగా బలము. పుట్టింట శ్రమఫలమైన మాట అక్కడ చేదుశ్రమ యైనది. ఇది వ్యుత్పత్తి కాదు. అయినను ఏ నిఘంటువు చెప్పిన యర్థముకంటెను నిజమునకు దగ్గరగా నున్నది. మారిషస్ కవి ఖాల్ తొరాబుల్లీ ఫ్రెంచిలో ‘కూలిట్యూడ్’ అను పదమును సృష్టించి 1992లో తన కావ్యనామమున చేర్చెను. తిట్టును వంశనామముగా స్వీకరించు ప్రయత్నమది. భారతదేశమున వేరొక దారి త్రొక్కిరి: 2016 రైల్వే బడ్జెటు ప్రసంగమున స్టేషను కూలీలను ఇకపై ‘సహాయక్’ అని పిలువవలెనని ప్రకటించిరి.

ఈ యాత్రలన్ని ముగించుకొని పదము ఇంగ్లీషు పుస్తకములద్వారా తెలుగునకు తిరిగివచ్చినది. వచ్చునప్పుడు తుది యచ్చు దీర్ఘమైనది. నేడు పత్రికలలో వ్యవసాయ కూలీలు, వలస కూలీలు అని వ్రాయుదుము; వారికి చెల్లవలసినది మాత్రము కూలి. హ్రస్వదీర్ఘముల ఈ భేదమును అచ్చుకూర్పరులు తరచు పాటింపరు. పాటింపకున్న కూలీలకు కూలీ పెంపు వంటి వాక్యములు పుట్టుచున్నవి.

చిక్కంతయు అనువాదకునిది. ముల్క్ రాజ్ ఆనంద్ 1936లో ప్రకటించిన నవలకు ఇంగ్లీషున ‘కూలీ’ యని పేరు. తెలుగున మకుటమును ‘కూలి’ అన్నచో వేతనమును గూర్చిన కథ యని తోచును. ‘కూలివాడు’ అన్నచో ఆ బాలుడు మున్నూ పనిచేసిన ఇండ్లును, మిల్లులును గుర్తునకు వచ్చును గాని, ఆ పేరుతో పిలిచినవారి కంఠములోని యెకసక్కెము వినబడదు. నాటాలు దొర బారిస్టరును పిలిచిన పిలుపును ‘కూలివాడా’ యని తెనిగించినచో మరియు చెడును. తెలుగు పాఠకునకు అది తిట్టుగా తోపదు, పొరపాటుగా తోచును. ఎదుటివాడు కూలివాడు కాడు గదా! అట్టిచోట పరదేశమున చెడి వచ్చిన దీర్ఘాంత రూపమునే ఉంచి, ‘కూలీ’ యనియే వ్రాయవలసియుండును.