ట్రాక్టరు చుట్టునుండు కంటి మరుగు

ఎడ్లబండికి అడ్డముగ పసిబిడ్డ వచ్చినచో, తోలువాడు గమనింపకున్నను ఎద్దు బెదరి ఆగుట కద్దు. ట్రాక్టరుకు ఆ కన్ను లేదు. డ్రైవరుకు కనిపించనిది ట్రాక్టరుకును కనిపించదు.

నేడు ధాన్యము, గడ్డి, ఎరువు చేరవేయుటకు ఊరూర ట్రాక్టరు ట్రక్కులే ఆధారము. డ్రైవరు ఎత్తున కూర్చుండును కనుక అతనికి అంతయు కనిపించునని పలువురు తలచుచున్నారు. ఇది సరికాదు. బానెట్టు, మడ్‌గార్డులు, ట్రక్కు పలకలు, వేసిన బరువు చూపునకు అడ్డుపడును. ఆ అడ్డము వెనుక చూపు అందని చోటే కంటి మరుగు.

మరుగు ఎంత ఉండును?

ఒక లెక్క చూడుడు. డ్రైవరు కన్ను నేలకు 2 మీటర్ల ఎత్తున, ఖాళీ ట్రక్కు వెనుక పలక పైయంచు 1.5 మీటర్ల ఎత్తున ఉన్నవనుకొందము. రెంటి నడుమ దూరము 5.5 మీటర్లు. అనగా చూపు 5.5 మీటర్లు పోవునప్పటికి అర మీటరు మాత్రమే దిగినది. అదే వాలున 90 సెంటీమీటర్ల ఎత్తునకు దిగుటకు పలక దాటి మరి 6.6 మీటర్లు పోవలెను. ఆ లోపల నిలిచిన 3 అడుగుల బిడ్డ, డ్రైవరు వెనుదిరిగి చూచినను కనిపించడు. ఇది ఖాళీ ట్రక్కు సంగతి. గడ్డి వేసిన ట్రక్కు వెనుక పెద్దవారును కనిపించరు.

ప్రక్క అద్దములు తప్పక ఉండవలెను. కాని ట్రక్కునకు సరిగా వెనుకనున్న చోటును అవి చూపలేవు. ఉబ్బు అద్దములో వస్తువు ఉన్నదానికంటె చిన్నదిగ, దూరముగ తోచును.

మలుపులో ట్రక్కు చక్రములు ట్రాక్టరు చక్రముల జాడన పోక లోపలి వైపునకు జరిగి పోవును. ఎడమకు తిరుగునపుడు ఎడమ ప్రక్కనున్న సైకిలువాడు దానిక్రింద చిక్కుకొను ప్రమాదము కలదు.

మీరే పరీక్షించి చూడుడు

ట్రాక్టరును, ట్రక్కును కళ్లములో నిలిపి, ఇంజను ఆపి, బ్రేకు వేసి, తాళము తీయుడు. డ్రైవరు సీటుపై కూర్చుండవలెను. మరియొకరు 3 అడుగుల కర్రకు కొనయందు ఎర్రగుడ్డ కట్టి, నిలువుగ పట్టుకొని చుట్టు నడువవలెను. గుడ్డ కనిపించని చోటులందెల్ల సున్నము చల్లుడు. దిగి చూచినచో మీ బండి మరుగు ఎంతయో నేలమీదనే తెలియును.

పాటించవలసిన జాగ్రత్తలు

1. కదలుటకు ముందు బండి చుట్టు ఒకసారి నడిచి, ట్రక్కు క్రింద కూడ చూడవలెను. పిల్లలు దాని నీడన ఆడుకొనుచుందురు.

2. వెనుకకు నడుపునపుడు ఒక మనిషి సైగ చేయవలెను. అతడు ట్రక్కు వెనుక కాక, డ్రైవరుకు కనిపించునట్లు ప్రక్కన నిలువవలెను. అతడు కనిపించనిచో వెంటనే ఆపవలెను.

3. గడ్డి అద్దములకు అడ్డము రాకుండ వేయవలెను.

4. మడ్‌గార్డుపై ఎవ్వరిని కూర్చుండనీయరాదు. వారు డ్రైవరు చూపునకు అడ్డగుటయే కాక జారిపడుదురు. డ్రైవరు తప్ప ఇతరులు ట్రాక్టరుపై ఎక్కుట నిబంధనలకు విరుద్ధము.

5. సైకిలు, మోటారుసైకిలుపై పోవువారు ట్రాక్టరు వెనుక అంటియుండరాదు. అద్దములో డ్రైవరు ముఖము మీకు కనిపించనిచో, మీరును అతనికి కనిపించరని గ్రహింపుడు.

గ్రామాధికారులు కోతలకు ముందే ఊరి ట్రాక్టరు డ్రైవర్లను, బడిపిల్లలను ఒకచోట చేర్చి ఈ సున్నపు పరీక్ష చేయించవలెను. కావలసినది ఒక కర్ర, ఒక గుడ్డముక్క, గంపెడు సున్నము. సున్నము పడిన నేలపై నిలువరాదని పిల్లలకును, అచ్చట ఎవరును లేరని చూచుకొననిదే బండి కదల్పరాదని డ్రైవర్లకును ఒక్క పూటలో బోధపడును.