అధ్యక్షుని జన్మదినము - కోర్టు కాగితము

కోర్టు సంగతులనగానే అవి పురుషుల పనులనియు, ప్లీడర్ల పనులనియు తలంచి పుట త్రిప్పివేయు సోదరీమణులు మనలో ననేకులు గలరు. కాని కోర్టువారి కాగితము మొట్టమొదట వచ్చునది ఇంటి గడపకే. ఆ వేళ గడపకడ నుండునది తరచుగా ఇల్లాలే. అమెరికాలో కాపురమున్న కూతురో, కోడలో, చెల్లెలో గల కుటుంబములు నేడు మనలో పెక్కులు. కావున ఆ దేశపు కోర్టు సెలవులను గూర్చియు, సమనుల నందించు వారిని గూర్చియు నాలుగు మాటలు వ్రాయ దలంచితిమి.

ఆ దేశమునకు ప్రథమాధ్యక్షుడైన జార్జి వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన జన్మించెను. 1879లో అచ్చటి కాంగ్రెసు రాజధానియందలి ప్రభుత్వ కార్యాలయములకు ఆ దినమును సెలవుగా నిర్ణయించెను. 1885లో ఆ సెలవు ఇతర ప్రాంతములలోని కేంద్రోద్యోగులకును లభించెను. పిమ్మట 1968లో నొక చట్టము చేసి, 1971 మొదలు దానిని ఫిబ్రవరి మూడవ సోమవారమునకు మార్చిరి. మూడవ సోమవారము 15వ తేదీకి ముందుగాని 21వ తేదీకి తరువాతగాని పడదు. కనుక వాషింగ్టను జన్మదినపు సెలవు ఆయన జన్మించిన తేదీన నెన్నడును రాదు! జనులు దీనిని ప్రెసిడెంట్సు డే యని పిలుచుచున్నను, కేంద్ర చట్టములో దాని పేరు నేటికిని వాషింగ్టను జన్మదినమే.

బానిసత్వమును రూపుమాపిన లింకను మహాశయుడు 1809 ఫిబ్రవరి 12వ తేదీన జన్మించెను. ఆయన పేర కేంద్రప్రభుత్వపు సెలవు లేదు. కాని కాలిఫోర్నియా రాష్ట్రపు కోర్టులు లింకను దినమును, అధ్యక్షుల దినమును రెండింటిని పాటించును. ఒక రాష్ట్రమున తలుపులు మూసిన దినమున వేరొక రాష్ట్రమున కోర్టు నడచుచుండ వచ్చును. తమ కోర్టు సెలవుల జాబితాను తామే చూచుకొనుట మేలు.

ఈ సెలవులతో గృహిణికేమి పని యందురా? గడువుతోనే యున్నది పని. కేంద్ర కోర్టులో దావా పడి, సమనులు చేతికందిన పిమ్మట, ప్రతివాది సామాన్యముగా 21 దినములలో జవాబు దాఖలు చేయవలెను. సమనులందిన దినమును విడిచి, మరునాటినుండి లెక్క పెట్టవలెను. నడుమ వచ్చు శని ఆదివారములను, సెలవులను విడువరాదు. కడపటి దినము శనివారమో, ఆదివారమో, సెలవో యైనయెడల మాత్రము గడువు తరువాతి పనిదినమునకు జరుగును. ఉదాహరణమునకు 2026 జనవరి 26వ తేదీన సమనులందిన దనుకొందము. 21వ దినము ఫిబ్రవరి 16వ తేదీ సోమవారము. అది అధ్యక్షుని సెలవు. కావున జవాబునకు మంగళవారము 17వ తేదీ వరకు వ్యవధి గలదు. కాలిఫోర్నియా రాష్ట్రపు కోర్టులలో సాధారణ దావాకు గడువు 30 దినములు.

సెలవువలన గడువు ఒక దినము పెరిగిన పెరుగవచ్చును. కాని ఆ దినమున కాగితము రాదనుకొనుట పొరపాటు. కోర్టు తలుపు మూసినను, సమనుల నందించువాని కాలు ఆగదు. సెలవునాడు జనులు ఇండ్లలో నుందురు గనుక అతనికది మరింత అనుకూలము. న్యూయార్కు, ఫ్లారిడా రాష్ట్రములలో ఆదివారమున సమనుల నందించుటకు నిషేధము గలదు. సోమవారపు సెలవునకట్టి నిషేధము లేదు.

మన దేశమున సమనులను తెచ్చునది సామాన్యముగా కోర్టు నౌకరు. అమెరికాలో నట్లు గాదు. కేంద్ర నిబంధనల ప్రకారము 18 సంవత్సరములు నిండి, ఆ దావాలో కక్షిదారు గాని వారెవరైనను కాగితము నందింప వచ్చును. అందుచేత దీనినే వృత్తిగా గైకొన్న ప్రాసెస్ సర్వర్లు ఆ దేశమున నేర్పడిరి. కాలిఫోర్నియాలో ఏడాదికి పదింటికి మించి సమనుల నందించువారు కౌంటీ కార్యాలయమున పేరు నమోదు చేయించుకొని, 2,000 డాలర్లకు పూచీపత్రము నొసగవలెను.

ఇక నొక యింటి సంగతి నూహింతము. కూతురి పురిటికని తల్లి మన దేశమునుండి వెళ్లి, ఆరు నెలలపాటు ఆ యింటనే యున్నది. అల్లుడు కచ్చేరికి పోయెను. కూతురు పసిబిడ్డకు పాలిచ్చుచున్నది. అంతలో నెవరో తలుపు తట్టిరి. తల్లి తలుపు తీసెను. వచ్చినవా డేదో చెప్పి, ఒక కవరు చేతికిచ్చి వెడలిపోయెను. ఆమె దానిని తపాలా కాగితములలో నుంచి, ఉగ్గు కలుపుకొనుటకు పోయెను. ఇంటనున్న తగిన వయస్సు, వివేకము గల నివాసికిచ్చినను చాలునని కేంద్ర నిబంధన. చుట్టపుచూపునకు వచ్చిన తల్లి ఆ యింటి నివాసి యగునా కాదా యనునది ప్లీడర్లు వాదించుకొనదగిన ప్రశ్నయే. కాని ఆ వాదము జరుగులోపల 21 దినములు గడచిపోవును. జవాబు రాకున్న ఏకపక్షపు తీర్పు వచ్చును. జీతములో కొంత జప్తు కావచ్చును. బిడ్డ ఎవరికడ నుండవలెనను విషయముగూడ మన మాట వినకయే తేలిపోవచ్చును.

కాబట్టి కాగితమందిన తోడనే తేదీని, వేళను దానిపై వ్రాసికొని, చదువనేర్చిన వారికి ఆనాడే చూపవలెను. దానిని తీసికొన్నంతమాత్రమున తప్పొప్పుకొన్నట్లు గాదు. తీసికొననని చేతులు వెనుకకు పెట్టుకొన్నను లాభము లేదు. ముందుంచి పోయినను చెల్లునని పెక్కు కోర్టులు తలంచును. వచ్చినవాడు బలవంతముగా ఇంట జొరబడుటకుగాని, పోలీసునని చెప్పుకొనుటకుగాని అధికారము లేనివాడు.

దావా వేయు సోదరికిని ఈ జ్ఞానము కావలెను. మనోవర్తికై, బిడ్డకై కోర్టు కెక్కిన యామె తన కాగితమును తానే యందింపరాదు. తెలిసిన వారిచే పంపవచ్చును గాని, ప్రతివాది తప్పించుకొని తిరుగువాడైనచో అనుభవజ్ఞుని నియమించుకొనుటయే మేలు. నియమించు నపుడు నమోదు గలదా, ఎన్నిమార్లు ప్రయత్నించును, ప్రతిసారియు తేదీని వేళను వ్రాసి యిచ్చునా, ప్రమాణపత్రమును కోర్టుకు దాఖలు చేయునా యని యడుగవలెను. ప్రతివాది ఛాయాపటమును, పనిచేయు చోటును, ఇంటికి వచ్చు వేళను తెలిపిన పని సులభమగును. కేంద్ర కోర్టులో దావా వేసిన 90 దినములలోపల సమను లందవలెను గనుక జాగు తగదు. గృహహింసనుండి రక్షణకై కాలిఫోర్నియా కోర్టు ఇచ్చిన ఉత్తరువును షెరీఫు రుసుము లేకయే యందించును. అట్టి యాపదలో నున్న స్త్రీ ఖర్చునకు వెరవ నక్కరలేదు.

చవుకగా వచ్చుననిమాత్ర మెవరికిబడితే వారి కప్పగింపరాదు. న్యూయార్కు నగరమున కొందరు సమనులను ప్రతివాదుల కీయక మురుగుకాలువలో పారవేసి, ఇచ్చితిమని ప్రమాణము చేసిన చరిత్ర గలదు. బీదవారెందరో తమపై దావా యున్నదని యెరుగకయే యోడిపోయిరి. అందుచేతనే 2010లో నా నగరము, సమనుల నందించువారు తామున్న చోటును యంత్రముద్వారా నమోదు చేయవలెనని శాసించెను.

అమెరికాలోని భర్త ఇచ్చట పుట్టింటనున్న భార్యపై దావా వేసిన నేమగును? విదేశములలో సమనుల నందించుటకు హేగు ఒడంబడిక యొకటి గలదు. అది మన దేశమునకు 2007 ఆగస్టు 1వ తేదీనుండి వర్తించుచున్నది. తిన్నగా తపాలాలో పంపు పద్ధతిని మన ప్రభుత్వ మంగీకరింపలేదు. సమనులు ఢిల్లీలోని న్యాయశాఖ ద్వారా రావలెను. మఱియు 1991లో మన సుప్రీముకోర్టు ఒక తీర్పు నిచ్చెను. తిరుపతిలో 1975లో వివాహమాడిన దంపతులలో భర్త, మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో విడాకులు పొందెను. భార్య ఇచ్చటినుండి ఆక్షేపణతో జవాబు పంపెను. ఆ విడాకులు మన దేశమున చెల్లవని న్యాయమూర్తులు నిర్ణయించిరి. భార్య అచ్చటనే స్థిరనివాసినియైనను, ఇష్టపూర్వకముగా నా కోర్టుకు లోబడి వాదించినను, తీర్పునకు సమ్మతించినను ఫలితము వేరుగా నుండవచ్చును. కాన నిట్టి కాగితము వచ్చినచో, జవాబు వ్రాయుటకు ముందే ప్లీడరు సలహా పొందవలెను.

చివర నొక మాట. మన దేశపు 1908 నాటి సివిలు స్మృతిలో, ప్రతివాది యింట లేనపుడు సమనులను ఆ యింటనున్న వయస్సు వచ్చిన పురుషునికే యీయవలెనని యుండెను. 1976 సవరణచే స్త్రీ కిచ్చినను చెల్లునని మార్చిరి. క్రిమినలు సమనులలో మాత్రము పురుషుడే యను మాట నిలిచి, 2024 జూలై 1వ తేదీన క్రొత్త స్మృతి అమలునకు వచ్చువరకు తొలగలేదు. ఇంటి భారమంతయు మోయు స్త్రీ ఒక కాగితమును తీసికొనుటకు తగదని చట్టము ఇంతకాలము తలంచెను. నేడు తగునని యొప్పుకొన్నది. తీసికొను హక్కు వచ్చినపుడు దానిని చదివి గడువు లెక్కించుకొను నేర్పును మనమే సంపాదించుకొనవలెను. ఇంట గోడకు వ్రేలాడు కాలెండరులో పండుగలను గుర్తించు సోదరీమణులకు, ఒక తేదీచుట్టు గీత గీయుట కష్టమైన పని గాదు.